మన ఊపిరి, మన ఊపిరితిత్తులు

(ఆరోగ్య పాఠము. ముందుగా చదువవలసిన భాగములు: ఆదికాండము 2:4–7; 2 రాజులు 4:18–37; యెహెజ్కేలు 37:1–10)



గుత్తి ప్రాంతమున నీటికి కరువు గాని గాలికి కరువు లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు ఈ అనంతపురము పీఠభూమిమీద, జ్యేష్ఠాషాఢ మాసములలో మేఘములు మన తలమీదుగా దాటిపోవుచుండగా వీచు గాలి ఎంతటిదో మీరెరుగుదురు. వజ్రకరూరు, ఉరవకొండ ప్రక్కల గాలిమరలు నిలిపినది ఈ గాలిని నమ్మియే. నీటిని మనము బిందెలతో లెక్కపెట్టుదుము. కొళాయి దగ్గర ఒక్క బిందె ఎక్కువ పట్టుకొన్నవారు మాట పడవలసివచ్చును. గాలిని ఎవరును లెక్కపెట్టరు. ఒక పర్యాయము లెక్కపెట్టి చూతము. ఊరక కూర్చున్న పెద్దమనిషి నిమిషమునకు 12 మొదలు 20 సార్లు ఊపిరి తీయును. ఒక్కొక్క సారికి లోనికి పోవునది సుమారు అరలీటరు. దినమునకు ఇంచుమించు ఇరువదివేల ఊపిరులు, అనగా పదివేల లీటర్ల గాలి. పది లీటర్ల బిందెతో కొలిచినయెడల వెయ్యి బిందెలు! నిద్రలో సహా ఒక్క బిందెయు తప్పకుండ ఈ నీరుకట్టు పని జరుగుచునే యున్నది.

మొదటి మనుష్యుడు మంటినుండి రూపింపబడినప్పుడు చేతులు, కాళ్లు, కన్నులు అన్నియు ఉండియు, దేవుడు ఊపిరి ఊదువరకు అతడు బ్రదుకలేదని ఆదికాండము చెప్పుచున్నది. యెహెజ్కేలు చూచిన లోయలోను అదే వరుస. ఎముకలు కూడుకొనెను, నరములు వచ్చెను, మాంసము వచ్చెను, చర్మము కప్పెను. అయినను ఊపిరి రానంతవరకు అవి శవములే. ఆ అధ్యాయములో గాలికిని, ఊపిరికిని, ఆత్మకును హెబ్రీ భాషలో ఒక్కటే మాట వాడబడినది. మన తెలుగు బైబిలులో ఆదికాండమునందు ఉన్న మాట జీవవాయువు. మన పిల్లలు బడిలో ఆక్సిజనును ప్రాణవాయువు అని చదువుకొనుచున్నారు. లేఖనము రసాయనశాస్త్రము చెప్పుచున్నదని నేను వాదించుటలేదు. అట్టి వాదనలు లేఖనమునకును మేలు చేయవు, శాస్త్రమునకును మేలు చేయవు. కాని తెలుగువారు ప్రాణము, ఊపిరి, గాలి అను మూడింటిని దగ్గర దగ్గరగా పెట్టి మాటలు చేసికొనిరి. అది గమనింపదగినది.

ఈ ప్రాణవాయువును కనుగొన్నవారిలో ఒకరు సంఘ బోధకుడని మనలో కొందరికి తెలియకపోవచ్చును. ఆయన ఇంగ్లండు దేశీయుడైన జోసెఫ్ ప్రీస్ట్‌లీ. లీడ్స్ పట్టణములో సంఘ కాపరిగా నున్న కాలమున, 1771లో, ఆయన ఒక చిన్న పరీక్ష చేసెను. మూసిన గాజుపాత్రలో కొవ్వొత్తి వెలిగించిన కొంతసేపటికి ఆరిపోవును. ఆ గాలిలో చుంచెలుకను పెట్టిన చచ్చును. అదే గాలిలో పుదీనా రెమ్మను కొన్ని దినములుంచి చూడగా గాలి మరల బాగుపడెను. కొవ్వొత్తి వెలిగెను, ఎలుక బ్రదికెను. పచ్చని చెట్టు గాలిని బాగుచేయునని లోకమునకు తెలిసినది ఆ పుదీనా రెమ్మవలననే. తరువాత 1774 ఆగస్టు 1వ తేదీన, పాదరసపు ఎఱ్ఱని భస్మముమీద పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను పడవేయగా ఒక వాయువు పుట్టెను. దానిలో కొవ్వొత్తి మామూలుకంటె ఎంతో ప్రకాశముగా మండెను. ఆయన తరువాత తానే దానిని పీల్చి చూచెను. అప్పటికి ఆ భాగ్యము కలిగినది రెండు చుంచెలుకలకును తనకును మాత్రమే అని సరదాగా వ్రాసికొనెను. స్వీడను దేశమున షీలె అను మందుల వ్యాపారియు దానిని వేరుగా కనుగొనెను. దానికి ఆక్సిజను అని పేరుపెట్టినది ఫ్రాన్సు దేశీయుడగు లవోయిజియె. పులుపు పదార్థములన్నిటికి ఇదియే మూలమని ఆయన తలంచి ఆ పేరు పెట్టెను. ఆ తలంపు తప్పని తరువాత తేలినది గాని పేరు నిలిచిపోయినది. మన పాత పాఠ్యపుస్తకములలోని ఆమ్లజని అను మాట ఆ తప్పునకు తెలుగు అనువాదమే. ప్రీస్ట్‌లీ గారి సిద్ధాంతములను మన సంఘములు ఒప్పుకొనవు. అది వేరే మాట. ఎలుకలకు ఊపిరి ఎట్లు ఆడునో చూచుటకు ఓపికపట్టిన బోధకుని గూర్చి చెప్పుకొనుటకు అది అడ్డు రానక్కరలేదు.

ఇప్పుడు ఊపిరితిత్తుల పని చూడుడి. ఆ పేరే సగము పాఠము. కమ్మరి కొలిమి దగ్గర తిత్తిని మీరు చూచియుందురు. పైకి లాగిన గాలి లోనికి వచ్చును, నొక్కిన బయటికి పోవును. మన రొమ్ములోని తిత్తులు అట్టివే గాని వాటిని లాగు చెయ్యి వాటికి బయటనున్నది. రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె వంగిన కండయొకటి ఉన్నది. అది క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేచినప్పుడు రొమ్ము విశాలమగును, గాలి తనంతట లోనికి వచ్చును. కుడి తిత్తికి మూడు భాగములు, ఎడమదానికి రెండే. ఎడమవైపు గుండెకు చోటు ఇయ్యవలసియున్నది గదా. గాలిగొట్టము రెండుగా చీలి, మరల చీలి, మరల చీలి, చింతచెట్టు కొమ్మలవలె సన్నమై, తుదకు చిన్న చిన్న సంచులుగా ముగియును. అవి ద్రాక్షగుత్తులవలె గుంపులుగా నుండును. (మన ఊరి పేరు చెప్పి పిల్లలకు బోధించిన మరువరు.) ఆ సంచులు కోట్లకొలది ఉన్నవి, విప్పి పరచగలిగినయెడల సుమారు 70 చదరపు మీటర్ల నేలను కప్పునని చెప్పుదురు. అది మన పల్లెలలో మూడు నాలుగు గదుల యింటి వైశాల్యము. ఆ సంచి గోడ ఎంత పలుచనిదనగా, ప్రాణవాయువు దానిని దాటి రక్తములోనికి పోవును, రక్తమునుండి బొగ్గుపులుసు గాలి ఇవతలికి వచ్చును. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 వంతులు మాత్రమే. రక్తములోని ఎఱ్ఱదనమునిచ్చు పదార్థము, ఇనుము కలదై, దానిని మోసికొని పోవును. అందుచేతనే రక్తహీనత గల గర్భిణి స్త్రీ ఊపిరితిత్తులు బాగుగా ఉన్నను నాలుగడుగులు వేయగానే ఆయాసపడును. గాలి ఉన్నది, మోయువారు చాలరు.

మన గుత్తి కోట ఎక్కి మురారిరావు గద్దె దగ్గర నిలిచినవారు ఈ లెక్కను స్వయముగా చూడవచ్చును. క్రింద నిమిషమునకు పదునారు ఊపిరులున్నవానికి పైకి చేరునప్పటికి ముప్పది నలువది అగును. కొంచెముసేపు కూర్చున్న మరల సర్దుకొనును. అది రోగము కాదు. ఇంటిలో గడప దాటి పెరటికి పోయి వచ్చినంతమాత్రమున అంత ఆయాసము వచ్చుచున్నయెడల అది వేరు. అది వయస్సుచేత వచ్చినదని ఊరకుండకూడదు.

ఇక మన ఇండ్లలోనికి వత్తము.

కోడలు పొయ్యిదగ్గర దగ్గుచుండగా మామగారు వాకిట కూర్చుండి శుభ్రమైన గాలి పీల్చును. ఇది మన ప్రాంతమున అనాదినుండి ఉన్న ఏర్పాటు. కందికట్టె, వేరుశనగ పొట్టు, సర్కారుతుమ్మ మొద్దులు, వానకాలములో పచ్చికట్టెలు. వీటి పొగలో ఉన్న అతి సన్నని నలుసులు తల వెండ్రుక మందములో ముప్పదియవ వంతు ఉండును. ముక్కులోని వెండ్రుకలుగాని, గొంతులోని జిగురుగాని వాటిని ఆపలేవు. అవి తిన్నగా ఆ ద్రాక్షగుత్తులలోనికి పోయి కూర్చుండును. ఇరువది ముప్పది ఏండ్లు అట్లు జరిగిన స్త్రీకి, ఒక్క బీడీయైనను ముట్టకున్నను, బీడీ త్రాగువాని ఊపిరితిత్తులే వచ్చును. అప్పుడు ఆమెకు ఉబ్బసము వచ్చినదని అందరందురు. అనేకులలో అది ఉబ్బసము కాదు, పొగచేత గొట్టములు ఇరుకై, సంచులు చెడిపోయిన వ్యాధి. ఒకసారి చెడిన సంచులు తిరిగి రావు. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి ఎన్నో ఇండ్లలో గ్యాసు పొయ్యి వెలిగినది. 2024 నవంబరునుండి మన రాష్ట్రములో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగా ఇచ్చు ఏర్పాటును జరిగినది. అయినను సిలిండరు అయిపోవునేమోయని టీ కాచుటకు గ్యాసును, సంగటికిని వేడినీళ్లకును కట్టెలును వాడు ఇండ్లు ఇంకను ఉన్నవి. కట్టెలు తప్పనియెడల పొయ్యిని బయటికి, గాలి వాలు చూచి మార్చుకొనవచ్చును. లోపలనే ఉండవలసిన పొగగొట్టము పెట్టించవచ్చును. ఇంటి పెద్ద ఒక దినము పని మానుకొని ఆ పని చేయించుట మంచిది. ఆయన ఆ వంటగదిలో ఒక పూట కూర్చున్నయెడల నేను ఇంత వ్రాయనవసరముండదు.

బాలింత గది మాట చెప్పకుండ పోలేను. తలుపులు మూసి, కుంపటి పెట్టి, సాంబ్రాణి పొగ పట్టించుట మన అమ్మమ్మల నాటి ప్రేమయే. అయితే పుట్టి పది దినములు కాని బిడ్డ తిత్తి పిడికిలంత కూడ ఉండదు. మూసిన గదిలో నిప్పులనుండి పుట్టు విషవాయువునకు వాసనయు రంగును లేవు. తల్లీబిడ్డలు నిద్రలోనే ప్రమాదములో పడవచ్చును. వెచ్చదనము కావలెను, నిజమే. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి గుడ్డ కప్పిన అంతకంటె మంచి వెచ్చదనము లేదు.

పసిపిల్లలకు న్యుమోనియా వచ్చినప్పుడు గుర్తుపట్టుటకు గడియారము చాలును. బిడ్డ ఏడ్వకుండ, పాలు త్రాగకుండ నెమ్మదిగా ఉన్న సమయమున చొక్కా ఎత్తి, నిండ ఒక నిమిషము ఊపిరులు లెక్కపెట్టవలెను. రెండు నెలలలోపు బిడ్డకు 60గాని అంతకు మించిగాని, రెండు నెలలనుండి ఏడాదిలోపువానికి 50గాని ఆపైగాని, ఏడాదినుండి ఐదేండ్లలోపువానికి 40గాని ఆపైగాని ఉన్నయెడల ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. డొక్కలు ఎగురవేయుచున్నను, పాలు పట్టలేకున్నను, పెదవులు నీలమైనను తెల్లవారువరకు ఆగకూడదు. 108 బండిని పిలువవలెను. ఇట్టి బిడ్డకు కడుపుమీద వాతలు పెట్టు వాడుక మన పల్లెలలో పూర్తిగా పోలేదు. వాత పెట్టినందున ఊపిరితిత్తిలోని చీము తగ్గదు. బిడ్డకు రెండవ బాధ కలుగును, ఆసుపత్రికి పోవలసిన గంటలు గడచిపోవును. షూనేమీయురాలిని చూడుడి. బిడ్డ ఒడిలో చనిపోయినప్పుడు ఆమె ఇరుగుపొరుగువారి సలహాలకు కూర్చుండలేదు. గాడిదకు గంత కట్టించి బయలుదేరెను, త్రోవలో ఎక్కడను ఆగనీయలేదు. ఎలీషా ఆ పిల్లవానిమీద పండుకొని నోటికి నోరు ఆనించిన సంగతియు, పిల్లవాడు ఏడుసార్లు తుమ్మిన సంగతియు మీరు చదివితిరి. ఆ తల్లి సంతోషము మనకు తెలియును. న్యుమోనియాకు కారణమగు క్రిములలో ముఖ్యమైనదానికి టీకా 2021నుండి మన దేశమంతటను ప్రభుత్వ టీకాలలో చేర్చబడినది. అంగన్‌వాడీలోని కార్డు చూచుకొనుడి.

రాతిమిల్లులలోను, గనులలోను పనిచేయు మన సహోదరుల విషయము క్లుప్తముగా చెప్పెదను. రాతి పొడిలోని ఇసుక జాతి నలుసు తిత్తిలో మచ్చలు చేయును. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో తెలుగు కుటుంబములవారు తరతరములుగా పనిచేసి ఈ వ్యాధితో ఎందరో ఇంటికి తిరిగివచ్చిరి. దీనికి మందు లేదు. రాతిని తడిపి కొట్టుటయు, ధూళి ఆపు మంచి ముఖతొడుగును మాత్రమే రక్షణ. తువాలు చుట్టుకొనుట చాలదు. ఇట్టివారికి క్షయ త్వరగా అంటును.

క్షయ. ఈ మాటను మన ఊళ్లలో ఇప్పటికిని మెల్లగా అందురు. పిల్ల పెండ్లి కుదరదని దగ్గును దాచుదురు. ఈ రోగమునకు కారణమైన క్రిమిని 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ లోకమునకు తెలిపెను. వంశదోషముగాని, శాపముగాని, పాపఫలముగాని కాదు. దగ్గినవాని నోటినుండి గాలిలోనికి వచ్చిన క్రిమి, మూసిన గదిలో తేలుచు, ఇంకొకరి ఊపిరిలోనికి పోవును. అంతే. మన రాయలసీమకు ఈ విషయములో ఒక చరిత్ర ఉన్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915లో పలు మిషనులు ఏకమై క్షయరోగుల ఆశ్రమము తెరచిరి. డెన్మార్కు దేశమునుండి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ గారు దానిని నడిపిరి. తరువాత డాక్టరు పి. వి. బెంజమిన్ గారు ఆ బాధ్యత వహించి, అనంతరము భారత ప్రభుత్వమునకు క్షయరోగ సలహాదారులైరి. ఆ రోజులలో మందు లేదు. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న ఆ పొడినేలమీద వరండాలలో మంచములు వేసి, గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవే చికిత్స. కొందరు బాగుపడిరి, అనేకులు బాగుపడలేదు. 1940వ దశాబ్దిలో స్ట్రెప్టోమైసిను, 1952లో ఐసోనయాజిడు వచ్చిన తరువాత కథ మారినది. మొల్లర్ గారి కుమారుడైన డాక్టరు యోహానెస్ గారు 1950నుండి మదనపల్లె చుట్టునున్న పల్లెలలో ఇల్లిల్లు తిరిగి, క్షయ ఎవరిలో ఎట్లున్నదో విచారించి, 1960లో ఆ ఫలితములు ప్రకటించిరి.

మద్రాసులో 1956లో మొదలైన మరియొక పరీక్ష మన ఇండ్లకు మరింత దగ్గరిది. పేద ఇరుకిండ్ల రోగులలో కొందరిని ఆశ్రమములో ఉంచి, కొందరిని ఇంటిలోనే ఉంచి, ఇరువురికిని అవే మందులు ఏడాదిపాటు ఇచ్చిరి. ఆశ్రమమువారికి మంచి మంచము, మంచి భోజనము. ఇంటివారికి అవి లేవు. అయినను 1959లో ఫలితము చూడగా ఇరువురును ఇంచుమించు సమానముగా బాగుపడిరి. ఇంటిలో ఉన్నందున కుటుంబమువారికి అపాయము హెచ్చలేదు. కుదుర్చునది మందు, దానిని విడువక వేసికొనుట. అందుచేతనే నేడు క్షయ వచ్చినవాడు ఇల్లు విడిచి పోనక్కరలేదు. వేరు కంచము, వేరు మూల పెట్టి అవమానింపనక్కరలేదు. కొన్ని వారములు క్రమముగా మందు వేసికొన్న తరువాత సామాన్యముగా అతనివలన ఇతరులకు అంటుట ఆగిపోవును.

చిక్కు మరియొకచోట ఉన్నది. సామాన్యమైన క్షయకు మందు ఆరు నెలలు వేసికొనవలెను. రెండు నెలలకే దగ్గు తగ్గును, ఆకలి వచ్చును, ఒళ్లు చేయును. అప్పుడు కూలికి బెంగుళూరు పోయి మాత్రలు మానివేయుదురు. మిగిలిన క్రిములు మొండివి. అవి తిరిగి లేచినప్పుడు మునుపటి మందుకు లొంగకపోవచ్చును. వలస పోవలసివచ్చినవారు ముందుగా ఆసుపత్రిలో చెప్పినయెడల వెళ్లిన చోటనే మందు దొరుకునట్లు మార్పించెదరు. రెండు వారములకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కళ్లెలో రక్తము, వీటిలో ఏదియున్నను కళ్లె పరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు మందులును ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము. చికిత్సకాలమున ఆహారము నిమిత్తము నెలకు 500 రూపాయలు 2018నుండి ఇచ్చుచుండిరి. 2024 నవంబరునుండి దానిని 1000 రూపాయలు చేసిరి. మాత్ర వేసికొనుట విశ్వాసలోపమని ఎవరైనను మీతో చెప్పినయెడల, పౌలుతో ప్రయాణముచేసిన లూకా ఏ వృత్తివాడో వారిని అడుగుడి.

చివరగా ఆక్సిజను పెట్టుటను గూర్చి. 2021 వేసవిలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు ఈ మాట ప్రతి ఇంటిలో వినబడినది. ఆ యేడు ఏప్రిల్ 19న ముంబయి ప్రక్కనుండి ఖాళీ ట్యాంకర్లతో మొదటి ఆక్సిజను రైలు బయలుదేరి, మన విశాఖపట్నము ఉక్కు కర్మాగారమునకు వచ్చి నింపుకొనిపోయెను. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై, గొట్టములలో ఒత్తిడి కొద్ది నిమిషములు పడిపోగా 11 మంది చనిపోయిరని ప్రభుత్వము ప్రకటించెను. కొద్ది నిమిషములు! జూన్ మొదటి వారమున మన తాడిపత్రి దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ ప్రక్కనే 500 పడకల తాత్కాలిక ఆసుపత్రి తెరచిరి. ఉక్కు దగ్గర ఆసుపత్రి ఎందుకని అప్పుడు కొందరు ఆశ్చర్యపడిరి. ఉక్కు చేయుటకు ఆక్సిజను కావలెను. ఫ్యాక్టరీవారు గాలిని మిక్కిలి చల్లబరచి దానిని వేరుచేసికొందురు. సున్నకు దిగువ 183 డిగ్రీల చల్లదనమున అది నీటివలె ద్రవమగును. ఆ ద్రవము ఒక లీటరు మరల వాయువైన 800 లీటర్లకు మించును. ట్యాంకరుకొరకు ఎదురుచూడకుండ గొట్టముద్వారా తిన్నగా మంచమునొద్దకు తెచ్చుటకే ఆ చోటు ఎన్నుకొనిరి.

ఆ దినములనుండి మన ప్రజలలో ఒక భయము నాటుకొన్నది: ముక్కుకు గొట్టము పెట్టిరనిన ఇక మనిషి దక్కడని. ఈ భయముచేత కొందరు రోగిని ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చుకొనుచున్నారు. ఇది తారుమారు చేయుట. చావు వచ్చినందున ఆక్సిజను పెట్టుటలేదు. చెడిన తిత్తి తేరుకొనువరకు రోగి బ్రదికియుండుటకు పెట్టుచున్నారు. వేలికి తగిలించు చిన్న యంత్రము 95కు పైన చూపిన సామాన్యముగా మంచిదే. 94కు క్రిందికి దిగిన వైద్యునికి చూపవలెను. గోళ్లరంగు ఉన్నను, వేలు చల్లబడియున్నను అది తప్పు చూపవచ్చును. ఇంటిలో సిలిండరు పెట్టుకొన్నవారు వైద్యుడు చెప్పిన కొలతకంటె ఎక్కువ త్రిప్పకూడదు. పొగవలన తిత్తులు చెడినవారికి మితిమీరిన ఆక్సిజను కీడు చేయగలదు. ప్రీస్ట్‌లీ గారి కొవ్వొత్తి ఎట్లు మండెనో జ్ఞాపకముంచుకొని, అట్టి మంచము ప్రక్క కొవ్వొత్తి వెలిగించి ప్రార్థింపకుడి. బీడీ అసలే కూడదు. ప్రార్థనకు వెలుతురు కావలసిన కిటికీ తెరవవచ్చును.

ఈ పాఠమును గృహకూటములలో చదువునప్పుడు స్త్రీలను ముందుగా మాటలాడనియ్యుడి. పొగ సంగతి వారికి తెలిసినంత మనకు తెలియదు. మన సంఘములో రెండు వారములకు మించి దగ్గుచున్నవారెవరు, వారితో కూడ గుత్తి ఆసుపత్రికి ఎవరు పోవుదురు? ఆరు నెలల మాత్రలు వేసికొనువాని ఇంటికి వారమునకొకసారి పోయి పలుకరించువారెవరు? మన మందిరమునకు కిటికీలెన్ని, వాటిలో చెదలు పట్టి మూసుకొనిపోయినవి గాక తెరుచుకొనునవి ఎన్ని?